తప్పు తెరది కాకపోవచ్చు!

కొత్త ల్యాప్‌టాప్‌ కొన్నారు. దానికి వీజీఏ సాకెట్‌ లేదు. ఇంట్లో ఉన్న పాత పదిహేడంగుళాల మానిటర్‌కేమో అదొక్కటే ఉంది. బజారుకెళ్లి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్‌ తెచ్చి తగిలిస్తే... తెర మీద 'నో సిగ్నల్‌'! చాలా ఇళ్లలో మానిటర్‌ అటకెక్కేది ఇక్కడే. పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేసే ముందు ఓ పావుగంట ఓపిక పట్టండి.

ఆ రెండు ముక్కలూ కనిపిస్తున్నాయంటే మానిటర్‌ బతికే ఉందన్నమాట. దాని మెనూలో ఇన్‌పుట్‌ వీజీఏకి ఉందో లేదో చూడండి. ల్యాప్‌టాప్‌లో విండోస్‌ కీ పట్టుకుని 'పి' నొక్కి, 'ఎక్స్‌టెండ్‌' ఎంచుకోండి. అప్పటికీ లాభం లేకపోతే, వీజీఏ ఉన్న పాత కంప్యూటర్‌కి మానిటర్‌ని నేరుగా కలపండి. బొమ్మ వచ్చిందా, ఇక అనుమానించాల్సింది అడాప్టర్‌నే.

1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏది అనలాగ్‌ పద్ధతి. హెచ్‌డీఎంఐది డిజిటల్‌. ఉత్త తీగలు కలిపితే ఒకటి మరొకటి అయిపోదు, మధ్యలో చిప్‌ ఉండాలి. అదీ ఒకవైపే పనిచేస్తుంది. తిరగేసి వాడదామంటే కుదరదు. కొట్టువాడు ఏం చెప్పినా సరే! పైగా ఆ చిప్‌కి కరెంటు కావాలి. హెచ్‌డీఎంఐ సాకెట్‌ కచ్చితంగా ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర 55 మిల్లీయాంపులే. అది చాలకపోతే బొమ్మ వచ్చిపోతూ ఉంటుంది, లేదా అసలే రాదు. కొన్ని అడాప్టర్ల పక్కన చిన్న యూఎస్‌బీ రంధ్రం ఉండేది ఇందుకే. దానికి ఫోన్‌ ఛార్జర్‌ తగిలించి చూడండి.

'అవుటాఫ్‌ రేంజ్‌' అని వస్తే మాత్రం అడాప్టర్‌ని తిట్టుకోనక్కర్లేదు. సిగ్నల్‌ అందుతోంది, మానిటర్‌ తట్టుకోలేకపోతోంది. చదరంగా ఉండే పదిహేడంగుళాల ఎల్‌సీడీలకు 1280×1024, 60 హెర్ట్‌జ్‌ సరిపోతుంది. తెరంతా పసుపుగానో గులాబీరంగులోనో కనిపిస్తే మూడు రంగుల్లో ఒకటి అందట్లేదని అర్థం. కేబుల్‌ పీకి పిన్నులు చూడండి, ఏదైనా వంగిందేమో. పదిహేనులో తొమ్మిదోది లేదని కంగారుపడొద్దు. చాలా కేబుళ్లలో దాన్ని కావాలనే పెట్టరు.

యూఎస్‌బీ టైప్‌-సీ అడాప్టర్‌ కొనేవాళ్లు ముందు ల్యాప్‌టాప్‌ మాన్యువల్‌ తిరగేయాలి. ప్రతి టైప్‌-సీ సాకెట్‌ నుంచీ బొమ్మ రాదు. అందులో 'డిస్‌ప్లేపోర్ట్‌ ఆల్ట్‌ మోడ్‌' అని ఉంటేనే మామూలు అడాప్టర్‌తో పనవుతుంది.