నాలుగు గంటల తేనీరు



తేనీరెరుగని యిల్లు నేడు మనలో అరుదు. దానిని తీరికగా కూర్చుండి త్రాగు గృహిణి అంతకంటెను అరుదు. భర్తకు, పిల్లలకు, వచ్చిన చుట్టములకు అందించి, మిగిలినదానిని పొయ్యికడ నిలిచియే రెండు గుక్కలలో ముగించి, మరల పనికి బూనుట మనకు అలవాటైనది. కావున ఈ మాసము ఆంగ్లేయుల సాయంకాలపు తేనీటి యాచారమును గూర్చియు, దానికై వెలసిన తేనీటిశాలలను గూర్చియు ముచ్చటించుకొందము. ఇది కేవలము రుచుల ముచ్చట కాదు. స్త్రీకి ఇంటి వెలుపల ఒక యాసనము లభించిన కథ.

మన పూర్వులు పగటిని అయిదు భాగములు చేసిరి. అందు నాలవది అపరాహ్ణము, అయిదవది సాయాహ్నము. ఆ రెండును కలిసెడి నాలుగు గంటల వేళయే ఆంగ్లేయుల తేనీటివేళ. వారి దేశమున తేయాకు మొదట కలవారి సొత్తు. 1784లో దానిపై సుంకము నూటికి 119 నుండి 12½కు తగ్గిన పిదప సామాన్యుల యిండ్లకును చేరెను. ఇక ఈ వేళను ఏర్పరచినది ఒక స్త్రీయొక్క ఆకలి యని చెప్పుదురు. 1840 ప్రాంతమున గొప్పయిండ్లలో పగటి భోజనము స్వల్పము, రాత్రి భోజనము బహు ఆలస్యము. నడుమ నీరసమునకు తాళలేక బెడ్‌ఫర్డు డచ్చెస్సు ఆనా మేరియా తన గదికి తేనీరును, వెన్న రాచిన రొట్టెయు తెప్పించుకొనెడిదట. కొన్నాళ్లకు నెచ్చెలులను గూడ పిలువసాగెనట. అది క్రమముగా దేశాచారమయ్యెను.

ఇంటిలో కూర్చుండుట యొక యెత్తు, అంగడివీథిలో కూర్చుండుట యొక యెత్తు. అంతకుముందు లండను నగరపు కాఫీశాలలు పురుషుల కొలువుకూటములు. సరకులకై పట్టణమునకు వచ్చిన కులస్త్రీ అలసినచో, మగతోడు లేక కూర్చుండి గ్రుక్కెడు వేడినీరు త్రాగదగిన చోటు దొరకుట దుర్లభము. 1864లో లండనులో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీవారు తమ రొట్టెల అంగడిలో తేనీటిశాల తెరచిరి. ఆ యాలోచన నిచ్చినది అచటి అంగడిని నడుపు ఒక స్త్రీయే యందురు. 1878లో గ్లాస్గో నగరమున కేట్ క్రాన్‌స్టన్ అను స్త్రీ తానే శాల నెలకొల్పెను. 1903లో ఆమె తెరచిన విల్లో తేనీటిశాలను శిల్పి చార్లెస్ రెన్నీ మాకింటాష్, ఆయన భార్య మార్గరెట్ మాక్‌డొనాల్డ్ కలిసి అలంకరించిరి. 1894లో లయన్సువారు పికడిల్లీ వీథిలో తమ మొదటి శాల తెరచిరి. మద్యము లేని చోట్లగుటచే ఆడువారు నిర్భయముగా వచ్చిరి. వచ్చినవారు ముచ్చటలతో ఊరకుండలేదు. ఓటుహక్కునకై పోరాడిన స్త్రీలు ఇట్టి బల్లల చుట్టును కూడి ఆలోచనలు చేసిరి. 1918లో ముప్పదియేండ్లు నిండినవారిలో కొందరికి, 1928లో పురుషులతో సమముగా అందరికిని అచట ఆ హక్కు లభించెను.

మేము ఉత్తర ఇంగ్లండున బంధువుల యింట నుండినపుడు పాతకాలపు తీరున నడుపబడు ఒక శాలకు పోతిమి. అల్లికపని చేసిన తెల్లని బల్లగుడ్డ, ఏ రెండును జతకాని పూలపూల పింగాణి గిన్నెలు, తేనీటిపాత్రకు ఉన్నితో అల్లిన కుళ్లాయి, మెల్లగా వినవచ్చు పాత గ్రామఫోను పాట. ఆకు నాలుగు నిమిషములు ఊరినపిదప వడపోసి, పాలు ఎవరికి వలసినంత వారు కలుపుకొనవలెను. ఎదుట మూడంతస్తుల పళ్లెము. క్రింద అంచులు కోసిన పలుచని రొట్టెముక్కల నడుమ దోసకాయ. నడుమ స్కోన్ అనబడు గుండ్రని చిన్నరొట్టెలు, పేరిన మీగడ, పండ్ల పాకము. పైని తీపి కేకులు. క్రిందినుండి పైకి తినుట మర్యాద. మాంసము, గుడ్డు ముట్టనివారు ముందుగా చెప్పుట మేలు. స్కోనుపై మీగడ ముందా, పాకము ముందా యను తగవు వారికి తెగదు. డెవన్ వారు మీగడ ముందనియు, కార్న్‌వాల్ వారు పాకము ముందనియు పట్టుబట్టుదురు. ఆవకాయలో వెల్లుల్లి యుండవలెనా యని మనయిండ్లలో జరుగు వాదము వంటిదే యిది. మేము రెండువిధములను తింటిమి, తీర్పు మాత్రము చెప్పము. ఇక "హై టీ" యనునది వేరు. అది శ్రామికులు పని ముగించి వచ్చి తిను సాయంకాలపు భోజనము.

రుచులకంటె మాకు ఆశ్చర్యము గొలిపినది వేరొకటి. గంటకు పైగా మేము లేవలేదు. వేరొకరు వడ్డింప, ఏదియు తెచ్చి యిచ్చు పని లేక, వేడిదానిని వేడిగానే త్రాగితిమి. ఇట్లు ఇంతకుముందెన్నడు కూర్చుంటిమో ఎంత తలచినను జ్ఞప్తికి రాలేదు. ప్రక్కబల్లకడ తలనెరసిన యొకామె ఒంటరిగా వార్తాపత్రిక చదువుకొనుచుండెను. ఆమెను ఎవ్వరును వింతగా చూడలేదు.

అయినను ఒకరు కూర్చుండుటకు నిలిచినవారు ఎవరో మరువరాదు. ఆ తేనీటిలోని చక్కెరను పూర్వము వెస్టిండీసు దీవులలో బానిసలు పండించిరి. బానిస వర్తకమును మాన్పు బిల్లును 1791లో పార్లమెంటు త్రోసివేయగా, ఇంగ్లండున అనేక గృహిణులు చక్కెరనే మానివేసిరి. ఓటు లేకున్నను తమ బల్లపై తమకు గల యధికారమును వారు చూపిరి. 1839లో అస్సాము తేయాకు తొలుత లండనులో వేలమునకు వచ్చెను. ఆ తోటలకు కాలక్రమమున గంజాము, విశాఖపట్టణ మండలములనుండి మన తెలుగువారును కూలీలై పోయిరి. నేటికిని ఆకు కోయువారిలో స్త్రీలే హెచ్చు. దినమంతయు నిలిచి వారు కోసినదానిని మనము నిలిచియే త్రాగుచున్నాము!

వడ్డించువాడు మనవాడైన కడబంతి నున్నను కొదవలేదందురు. వడ్డించునది తానే యైనపుడు ఆమెకు ఏ బంతియు లేదు. దీనికి పింగాణి గిన్నెలు వలదు, మూడంతస్తుల పళ్లెము వలదు. నాలుగు గంటలకు చాప పరచి, పదియేండ్లు దాటిన కొడుకుచేత గాని కూతురిచేత గాని తేనీరు కాయించి, ఇంటనున్న అత్తగారిని, పనికి వచ్చిన మనిషిని గూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొని, గిన్నె నిండుగా త్రాగుడు. ఆ పదినిమిషములలో ఇల్లు మునిగిపోదు. తల్లియు కూర్చుండదగిన మనిషియే యని పిల్లలు నేర్చుకొందురు.