బతకలేక బడిపంతులు... ఏ దేశంలో?

పొద్దున్న ఎనిమిదిన్నర. శ్రీశైలం రోడ్డు మీద కందుకూరు బస్టాపు. ఆంధ్రలోని కందుకూరు కాదండీ, శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న మన రంగారెడ్డి జిల్లా కందుకూరు. సిటీ నుంచి వచ్చిన బస్సులోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఇద్దరి భుజానా సంచీ, చేతిలో టిఫిన్ డబ్బా. ఇద్దరూ టీచర్లే. కాసేపు కలిసి నడిచి, ఒకరు సర్కారు బడి వైపు, ఇంకొకరు ప్రైవేటు స్కూలు వైపు తిరిగారు.

వాళ్లిద్దరూ స్నేహితులు. ఒకే ఏడాది డీఈడీ చదివారు. ఒకే గదిలో అద్దెకుండి టెట్‌కు తయారయ్యారు. ఇద్దరూ పాసయ్యారు. 2024 డీఎస్సీలో ఒకరికి ఉద్యోగం వచ్చింది. రెండో ఆవిడకు ఒకటిన్నర మార్కుల తేడాతో పోయింది. (పేర్లు రాయొద్దని ఇద్దరూ మరీమరీ చెప్పారు.)

ఉద్యోగం వచ్చినావిడ సెకండరీ గ్రేడ్ టీచరు. 2020 పీఆర్సీ ప్రకారం మూలవేతనం 31,040 రూపాయల దగ్గర మొదలవుతుంది. డీఏ, ఇంటద్దె భత్యం కలిపితే నలభై వేలు దాటుతుంది. రెండో ఆవిడ జీతం? నెలకు 11 వేలు. మే నెలలో అదీ రాదు.

మాటల మధ్యలో ఆ రెండో ఆవిడ నన్నో ప్రశ్న అడిగింది. "అమెరికాల టీచర్లకు నెలకు లక్షలల్ల ఇస్తరంట గదా సార్? నిజమేనా?"

అప్పుడే మా నెత్తి మీద నుంచి ఒక విమానం శంషాబాద్ వైపు దిగుతోంది. ఆ విమానాల్లో వచ్చేపోయే దేశాల్లో పంతుళ్ల బతుకు ఎలా ఉందో చూద్దామని ఆ సాయంత్రమే లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను.

డాలర్ల లెక్క

మొదట అమెరికా. అక్కడి ఉపాధ్యాయ సంఘం నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ లెక్క ప్రకారం 2023-24లో కొత్తగా చేరిన టీచరు సగటు జీతం ఏడాదికి 46,526 డాలర్లు. మన రూపాయల్లోకి మారిస్తే 40 లక్షల దరిదాపు. అంటే నెలకు మూడు లక్షల పైమాటే. ఆ కందుకూరు టీచరమ్మ విన్నది నిజమేనన్నమాట!

కానీ అమెరికా టీచరు ఇంటద్దె కట్టేది రూపాయల్లో కాదు. అక్కడి దేశంలో, అక్కడి ధరల మధ్య ఆ జీతంతో బతకాలి. ఆ దేశంలో దాదాపు ఆరుగురు సర్కారు టీచర్లలో ఒకరు బడి అయిపోయాక ఇంకోచోట పని చేసుకుంటున్నారు. అంతే చదువు చదివిన మిగతా పట్టభద్రులతో పోలిస్తే అక్కడి టీచరు వారపు జీతం 1996లో 6.1 శాతం తక్కువగా ఉండేది. 2023 నాటికి ఆ తేడా 26.6 శాతానికి పెరిగింది. 2018లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో 55 కౌంటీల్లోనూ టీచర్లు బడులు మూసి రోడ్డెక్కారంటే ఊరికే కాదు.

కాబట్టి డాలర్లను రూపాయల్లోకి మార్చి నోరెళ్లబెడితే లాభం లేదు. ఒక దేశంలో పంతులు ఎలా బతుకుతున్నాడో తెలియాలంటే, ఆ దేశంలో సగటు మనిషి సంపాదనతో పోల్చాలి. అదీ సరైన తూకం.

ఆ తూకం ఇక్కడ వేసి చూద్దాం. 2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 31,600 పైచిలుకు. మన సర్కారు టీచరమ్మ మూలవేతనం దాదాపు అంతే. భత్యాలతో కలిపితే సగటు మనిషి కన్నా ఒక మెట్టు పైనే ఉంది. అమెరికాలో కొత్త టీచరు జీతం ఆ దేశ తలసరి ఉత్పత్తిలో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. అంటే ఈ తూకంలో కందుకూరు సర్కారు టీచరు అమెరికా కొత్త టీచరు కన్నా మెరుగు!

మరి పక్క వీధిలో ఉన్న ఆమె స్నేహితురాలు? 11 వేలు. సగటులో మూడో వంతు. నేను చూసిన ఏ దేశం లెక్కలోనూ ఇంత అడుగున ఉన్న టీచరు కనిపించలేదు.

చదువులో ఎవరు గట్టి?

జీతం సరే, అర్హతల మాటేమిటి? ఫిన్లాండ్‌లో ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెప్పాలన్నా మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. 1970ల చివర్లోనే ఆ నిబంధన పెట్టారు. అక్కడ డాక్టరు కోర్సులాగే టీచరు కోర్సుకూ పోటీ. పదిమంది దరఖాస్తు చేస్తే ఒకరికి అటూఇటూగా సీటు దక్కుతుంది. జీతాలు మాత్రం ప్రపంచంలో అందరికన్నా ఎక్కువేం కాదు, మధ్యరకం. డబ్బుల్లో పైచేయి లక్సెంబర్గ్, జర్మనీలది. జర్మనీలో విశ్వవిద్యాలయం చదువు అయ్యాక, ఏడాదిన్నర నుంచి రెండేళ్లు బళ్లో శిక్షణ పొంది, మళ్లీ ప్రభుత్వ పరీక్ష నెగ్గితేనే పూర్తిస్థాయి టీచరు. సింగపూర్‌లో అయితే టీచరు శిక్షణకు ఒకే సంస్థ, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్. శిక్షణలో చేరిన రోజు నుంచే జీతం ఇస్తారు. ఆ తర్వాత ఇన్నేళ్లు పనిచేయాలని బాండు రాయించుకుంటారు.

మన దగ్గర? ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఈడీ, లేదంటే డిగ్రీ తర్వాత బీఈడీ. ఆపైన టెట్. 150కి ఓసీలు 90, బీసీలు 75, ఎస్సీ ఎస్టీలు 60 మార్కులు తెచ్చుకోవాలి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, రిటైర్మెంటుకు అయిదేళ్లకు మించి సమయమున్న టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాల్సిందేనంది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మాస్టార్లు పిల్లల పుస్తకాలతో పాటు గైడ్లు కూడా ముందేసుకుని కూర్చున్నారు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ అర్హతలు సర్కారు టీచరుకే కాదు, ప్రైవేటు టీచరుకూ తప్పనిసరి. బడి బోర్డు ఏదైనా చదువు ఒకటే ఉండాలంది చట్టం. జీతం దగ్గరికొచ్చేసరికి ఎవరి దారి వారిది!

ఒక వీధిలో రెండు దేశాలు

ఇక్కడే మనకూ మిగతా దేశాలకూ అసలు తేడా. నెదర్లాండ్స్‌లో పిల్లల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ప్రైవేటు సంస్థలు నడిపే బడుల్లోనే చదువుతారు. అయినా 1917 నుంచీ ఆ బడులకూ ప్రభుత్వ బడులతో సమానంగా నిధులివ్వాలని వాళ్ల రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అందుకే అక్కడ టీచరు ఏ గేటులోంచి లోపలికెళ్లినా జీతంలో తేడా ఉండదు. ఫిన్లాండ్‌లో ప్రైవేటు బడులు తక్కువ. ఉన్నవాటికి కూడా ప్రభుత్వమే డబ్బిస్తుంది.

ఇది మనకు తెలియని విద్యేం కాదు. ఎయిడెడ్ స్కూళ్లు గుర్తున్నాయా? యాజమాన్యం ప్రైవేటుది, జీతం సర్కారుది. ఆ బళ్లలో చదువుకున్నవాళ్లు ఈ పేజీ చదివే ఇళ్లలో ఎందరో ఉంటారు. కొత్త పోస్టులు నింపక రెండు రాష్ట్రాల్లోనూ అవి నీరసించిపోయాయి. దౌలత్ సింగ్ కొఠారీ అధ్యక్షతన 1964-66లో పనిచేసిన విద్యా కమిషన్ కూడా యాజమాన్యం ఏదైనా ఒకే పనికి ఒకే జీతం ఉండాలనే చెప్పింది. అరవై ఏళ్లయింది.

సర్కారు కూడా పత్తిత్తేమీ కాదు సుమా! 1980లలో నెలకు 398 రూపాయలిచ్చి స్పెషల్ టీచర్లను పెట్టుకున్నారు. 'మూడొందల తొంభై ఎనిమిది టీచర్లు' అనే పేరు వాళ్లకు రిటైరయ్యేదాకా పోలేదు. ఆ తర్వాత అప్రెంటిస్‌లు, ఆ తర్వాత విద్యా వలంటీర్లు. పాఠం అదే, బల్ల అదే, బోర్డు అదే. జీతం మాత్రం వేరు.

మన ఇంట్లోనూ ఈ మాట ఎప్పుడూ ఉన్నదే. 'బతకలేక బడిపంతులు' అనే సామెత మనదే కదా. 1972లో ఎన్టీఆర్ 'బడిపంతులు'గా తెర మీద కనిపిస్తే కళ్లు తుడుచుకున్న తరం మన అమ్మానాన్నలది. ఆ సామెత ఇప్పుడు సర్కారు మాస్టారికి వర్తించదు. ప్రైవేటు టీచరుకు మాత్రం అచ్చంగా సరిపోతుంది.

కరోనా రోజులు మర్చిపోగలమా? బడులు మూతపడితే ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్మారు, ఉపాధిహామీ పనికి వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. డీఈడీలు, బీఈడీలు చదివినవాళ్లు రేషన్ షాపు ముందు వరస కట్టారు.

మన ఫీజు ఎటు పోతోంది?

సరే, వాళ్ల జీతం ఎవరిస్తున్నారు? మనమే. తెలంగాణలో సగానికి పైగా పిల్లలు చదివేది ప్రైవేటు బడుల్లోనే. నా మాటే చెబుతాను. మా పాప రెండో తరగతి, ప్రైవేటు స్కూలే. ఫీజు ఎంతో పైసలతో సహా చెప్పగలను. బస్సు ఫీజు, బూట్ల ఖరీదు కూడా గుర్తే. వాళ్ల టీచరు జీతమెంతో మాత్రం ఈ వ్యాసం రాసేదాకా ఒక్కసారీ అడగలేదు. మీరు అడిగారా?

ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న ఒక జీవో వచ్చింది. జీవో నంబరు 1. ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజులో సగం సిబ్బంది జీతాలకే ఖర్చు పెట్టాలి. 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ వంటి వాటికి. నిర్వహణకు 15, బడి అభివృద్ధికి 15. యాజమాన్యానికి మిగిలేది 5 శాతమే.

కాగితం మీద లెక్క వేద్దాం. ఒక సెక్షన్‌లో 40 మంది పిల్లలు, తలకు 20 వేల ఫీజు. మొత్తం 8 లక్షలు. అందులో సగం 4 లక్షలు. నెలకు 33 వేల పైన. ఆ సెక్షన్‌కు ఒకటిన్నర మంది టీచర్లు కావాలనుకున్నా తలకు 22 వేలు రావాలి. మన టీచరమ్మకు వస్తున్నది సరిగ్గా అందులో సగం.

ఈ లెక్క తీసుకెళ్లి ఒక చిన్న స్కూలు నడిపే పెద్దమనిషిని అడిగాను. ఆయన నవ్వాడు. "సార్, కాయితం మీద మంచిగనే ఉంటది. సగం మంది ఫీజు మార్చి దాకా రాదు. కిరాయి ఆగదు, బస్సు డీజిల్ ఆగదు. జీతమొక్కటే ఆగుతది, అడిగేటోళ్లు లేరు గనక" అన్నాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. పెద్ద భవనాల బడులకు మాత్రం ఆ కారణం చెల్లదు.

అటు సర్కారు బడి సంగతీ చెప్పుకోవాలి. మంచి చదువు, మంచి జీతం ఉన్న టీచర్లు అక్కడున్నారు. పిల్లలు మాత్రం పసుపు బస్సెక్కి ఇటు వస్తున్నారు. జీతం పెంచినంత మాత్రాన నమ్మకం రాదని సర్కారు బడి, నమ్మకం ఉన్నంత మాత్రాన జీతం పెరగదని ప్రైవేటు బడి ఒకే ఊళ్లో పక్కపక్కనే నిలబడి చెబుతున్నాయి.

సాయంత్రం బస్సు

ఇదే కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో 2024 ఆగస్టు 1న యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన చేశారు. చుట్టూ భవిష్యత్ నగరం కడతామంటున్నారు. ఎకరాల ధరలు కోట్లలో పలుకుతున్నాయి. మంచిదే. ఆ యూనివర్సిటీలో రేపు చేరే పిల్లకు ఇవాళ ఎక్కాలు నేర్పుతున్నది మాత్రం ఆ 11 వేల టీచరమ్మే.

వారం తర్వాత ఆమెకు లెక్కలన్నీ చెప్పాను. అమెరికా సంగతి విని పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మా తమ్ముడు ఎయిర్‌పోర్టుల సామాన్లు ఎక్కిస్తడు సార్. వానికి నా కన్న ఎక్కువనే వస్తది. వాడు పదో తరగతి. ఆని లెక్కలు కూడ నేనే చెప్పిన" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే. ఇంటికెళ్లి రాత్రి ఎనిమిది దాకా ట్యూషన్ చెబుతుందట. ఆ తర్వాత మళ్లీ డీఎస్సీ పుస్తకాలు. పక్కనున్న స్నేహితురాలు, "ఈసారి వస్తది, చూడక్కా" అంది.

రావాలనే కోరుకుందాం. కానీ ఆమెకు వస్తే ఆమె స్థానంలో ఇంకొకరు అదే 11 వేలకు చేరతారు. అందుకే ఒక చిన్న పని. ఈసారి మీ పిల్లల స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ జరిగినప్పుడు, మార్కుల సంగతి అడిగాక ఇంకొక్క మాట అడగండి. "మా పాప టీచరుకు జీతం ఎంత ఇస్తున్నారండీ? మే నెలలో ఇస్తున్నారా?"

నేను ఈ శనివారం అడుగుతున్నాను. మరి మీరు?