జలపాతం లొకేషన్ పెట్టే ముందు ఊరిని అడిగామా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా ఊరి నుంచి డిగ్రీ దాకా వచ్చినవాళ్లం నలుగురం. నలుగురం కూర్చుని రాస్తున్నాం. ఊరి పేరు రాయట్లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

వానలు పడ్డప్పటి నుంచి మన పిల్లలు పెడుతున్న వీడియోలు చూస్తున్నాం. నాచు పట్టిన బండ మీద నిలబడతారు. వెనక నీళ్లు తెల్లగా పడుతుంటాయి. పైన "ఎవరికీ తెలియని జలపాతం" అని రాత, కింద లొకేషన్. ఎవరికీ తెలియదట! ఆ గెడ్డకు పైన ఊళ్లున్నాయి, కింద ఊళ్లున్నాయి. ఆ మడుగులో పశువుల్ని కడిగినవాళ్లు, చోడి నాట్లకు ముందు ఆ గట్టు మీద కోడిని కోసి మొక్కినవాళ్లు, ఎండాకాలం అక్కడి నుంచే బిందెలు మోసిన మన అమ్మలు, వీళ్లంతా లెక్కలో లేనట్టేనా? మైదానం నుంచి వచ్చిన యూట్యూబర్ అలా రాస్తే వాడికి తెలియదులే అనుకుంటాం. మనవాళ్లే రాస్తుంటే ఏమనాలి?

టూరిస్టులు రావద్దు అని మేం అనట్లేదు. కానీ ఏ జలపాతానికి రావచ్చు, ఏ నెలల్లో రావచ్చు, ఎక్కడిదాకా దిగవచ్చు అన్నది ఆ ఊరి గ్రామసభ చెప్పాలి. ఇన్‌స్టాగ్రామ్ కాదు, రిసార్టు ఓనరు కాదు, మనలాంటి చదువుకున్న కుర్రాళ్లం కూడా కాదు.

మా ఊరి సంగతి చెబుతాం. రెండేళ్ల కిందట ఆగస్టులో ఒక ఆదివారం కారులో అయిదుగురు వచ్చారు. మన వయసువాళ్లే. మడుగులో దిగారు. మా దగ్గర వాన లేదు, ఎండ కూడా కాస్తోంది. గట్టు మీద పశువులు కాస్తున్న తాత నీళ్లు చూసి, "రంగు మారింది బాబూ, పైకొచ్చీండి" అని కేకేశాడు. "రెండు నిమిషాలు తాతా" అని నవ్వారట. ఆ రెండు నిమిషాలే. నలుగురు బండ పట్టుకుని బయటపడ్డారు.

అయిదో అబ్బాయి రెండో రోజు దొరికాడు. వెతికింది మా చిన్నాన్న. నడుముకు తాడు కట్టుకుని, వెదురు గడతో పొడుస్తూ, బండ కింద నీళ్లు తొలిచిన గుహలాంటి చోట దొరకబుచ్చుకున్నాడు. ఆ చోటు ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు, చేపలు అక్కడే దాక్కుంటాయి. మర్నాడు పేపర్లో "స్థానికుల సాయంతో మృతదేహాన్ని వెలికితీశారు" అని వచ్చింది. స్థానికులు అంటే ఈయనే. తర్వాత వాంగ్మూలం అని మూడుసార్లు స్టేషనుకు పిలిచారు, మూడు రోజుల కూలి పోయింది. బస్సు చార్జీ కూడా ఆయనదే. ఆ అబ్బాయి తల్లి మాత్రం చిన్నాన్న రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత ఆయన చాలా నెలలు గెడ్డలో దిగలేదు. ఆ యేడు మొక్కు కూడా ఊరోళ్లు వేరే చోట చేసుకున్నారు.

తాత నీళ్ల రంగు చూసి ఎలా చెప్పాడు అంటే అందులో మాయేం లేదు. జలపాతం దగ్గర ఎండ ఉన్నా పైన కొండ మీద వాన పడితే ఆ నీళ్లన్నీ ఇదే గెడ్డలోకి దిగాలి. ముందు నీళ్లు మసకబారతాయి. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తాయి. చప్పుడు మారుతుంది, సన్నగా ఉన్నది బరువుగా వినిపిస్తుంది. అప్పటికే గట్టు ఎక్కేసి ఉండాలి. ఇంకోటి, నీళ్లు పడే చోట తెల్లగా నురగ కనిపిస్తుంది కదా, వీడియోకి అదే బాగుంటుంది. అక్కడ నీళ్లలో సగం గాలే. గాలి కలిసిన నీళ్లు మనిషిని తేల్చవు. పైనుంచి పడిన నీళ్లు అడుగుకి పోయి, మళ్లీ పైకి లేచి, పడే చోటికే లాగుతాయి. స్విమ్మింగ్ పూల్లో నేర్చుకున్న ఈత అక్కడ ఆగదు. ఇది మన ఊళ్లలో పదేళ్ల పిల్లకి తెలుసు. కానీ వచ్చేవాళ్లకు చెప్పే బాధ్యత ఎవరికీ ఇవ్వలేదు, చెబితే వినాలన్న భయం వాళ్లకూ లేదు.

మా ఒక్క ఊళ్లోనే కాదు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి వైపు జలతరంగిణి జలపాతంలో వైద్య విద్యార్థులు కొట్టుకుపోయారు, ముగ్గురు చనిపోయారు. 2023 జూలైలో ములుగు జిల్లాలో ముత్యంధార చూడ్డానికి వెళ్లిన దాదాపు 80 మంది, తిరిగొచ్చే దారిలో వాగు పొంగి రాత్రంతా అడవిలో ఇరుక్కుపోయారు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. అదే జిల్లాలో బొగత దగ్గర టికెట్టు, కంచె, కాపలా ఉన్నాయి, వరద ఎక్కువైతే నీళ్లలోకి దిగనివ్వరు. అంటే ఆపడం చేతకాక కాదు. పేరున్న జలపాతానికి కాపలా ఉంది. పేరు లేని మన గెడ్డలకు లొకేషన్ ఒక్కటే ఉంది.

ప్రాణాల సంగతి ఎవరికైనా అర్థమవుతుంది. ఇంకో సంగతి మన ఆడపిల్లలు చెబితేగాని మాకూ తెలియలేదు. మడుగు కింది వైపు పొదల చాటున వాళ్లు స్నానాలు చేసేవారు. ఇప్పుడు శనివారం, ఆదివారం అటు వెళ్లడం మానేశారు. ఫోన్లు, పైన డ్రోన్లు. ఒక చెల్లి అడిగింది: "మీరు వీడియోలు తీసుకోడానికి మేం నీళ్లు మానుకోవాలా అన్నయ్యా?" మాలో ఒకడు కిందటేడు అదే మడుగు రీల్ పెట్టినవాడే. తీసేశాడు. కానీ అప్పటికే ఎంతమంది సేవ్ చేసుకున్నారో!

డబ్బుల మాట కూడా మాట్లాడుకుందాం, సిగ్గుపడే పని లేదు. టూరిజం వల్ల మనవాళ్లు బతకట్లేదా అంటే బతుకుతున్నారు. బొర్రా నుంచి కటికి జలపాతానికి జీపులు తోలే కుర్రాళ్లున్నారు, బొంగులో చికెన్ అమ్మే ఇళ్లున్నాయి. బాధేమిటంటే మనకు దక్కేది డ్రైవరు జీతం, గిన్నెలు కడిగే కూలి. టెంట్లు, కాటేజీల డబ్బు వెళ్లేది వేరే చోటికి. పట్టా మనవాళ్ల పేరు మీద ఉంటుంది, లోపల వ్యాపారం ఎవరిదో ఊరంతటికీ తెలుసు. 1/70 ఉన్నప్పుడే ఇలా ఉంటే, లేకపోతే ఎలా ఉంటుంది? 2025 జనవరిలో విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సదస్సులో శాసనసభ స్పీకర్, టూరిజం కోసం 1/70ని సవరించాలన్నట్టు మాట్లాడారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం 48 గంటలు బంద్ అయింది. మనలో చాలామంది రోడ్డు మీద కూర్చున్నాం. ఆ చట్టం జోలికి పోమని ప్రభుత్వం చెప్పింది. చట్టం నిలిచింది, సంతోషం. కానీ చట్టం పక్కనుంచి దారి చేసుకునేవాళ్లకు ఆ దారి చూపిస్తున్నది మన వీడియోలే కదా?

ఇక్కడ బొర్రా పేరు ఊరికే ఎత్తలేదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు పుట్టింది అనంతగిరి మండలంలో, ఆ బొర్రా చుట్టుపక్కల ఊళ్ల గనుల కేసులోనే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని కోర్టు చెప్పింది. లాభాల్లో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలనీ చెప్పింది. అది గనుల మాట, ఒప్పుకుంటాం. కానీ రాయి తవ్వితేనే వాటా అడగాలా? నీళ్లు చూపించి సంపాదించినప్పుడు అడగకూడదా?

అడగడానికి మన చేతిలో కాగితాలు కూడా ఉన్నాయి. 1996 పెసా చట్టం ఊరి ఉమ్మడి వనరుల్ని, ఆచారాల్ని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. దానికి మన రాష్ట్రంలో 2011లో నియమాలు కూడా వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5లో నీటి వనరుల్ని కాపాడే అధికారం గ్రామసభకు రాసి ఉంది. గ్రూప్స్‌కి చదువుతున్న మనలో ఇవి బట్టీ పట్టనివాళ్లు లేరు. మాక్ టెస్టులో మార్కులు వస్తున్నాయి. మన ఊరి తీర్మానాల పుస్తకంలో మాత్రం ఒక్క లైను లేదు. మా ఊళ్లోనూ లేదు.

అందుకే ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు తీర్మానం ముసాయిదా రాసి పెద్దలకు చదివి వినిపించాం. జూలై నుంచి అక్టోబరు దాకా మడుగులో ఎవరూ దిగకూడదు, గట్టు మీద నుంచి చూసి వెళ్లొచ్చు. మొక్కు రోజుల్లో అసలు రాకూడదు. తాగునీళ్లు తెచ్చుకునే పై గెడ్డ వైపు ఏ కాలంలోనూ వెళ్లకూడదు. సబ్బులు, షాంపూలు, మందు సీసాలు తేకూడదు. డ్రోన్ ఎగరేయకూడదు. మనిషికింత అని రుసుము తీసుకుని, అందులోంచి ఇద్దరికి కాపలా కూలి ఇచ్చి, తాడూ గాలి ట్యూబులూ కొని గట్టు మీద ఉంచాలి. మిగిలింది గ్రామసభ ఖాతాలో వేయాలి. చిన్నాన్న ఒక్కటే కలపమన్నాడు: ఎవరినైనా వెతకడానికి ఊరోడు నీళ్లలో దిగితే ఆ రోజు కూలి, తర్వాత స్టేషను చుట్టూ తిరిగే కూలి ఆ ఖాతాలోంచే ఇవ్వాలని. కలిపాం.

అందరూ ఒప్పుకున్నారని అనుకోకండి. దారి మొదట్లో మ్యాగీ, టీ అమ్మే వదిన లేచి, "నాలుగు నెలలు దిగొద్దంటే ఎవడొస్తాడు? నా ఇంటికి ఏటి పెడతారు మీరు?" అని గట్టిగానే అడిగింది. ఆమె సంపాదన అంతా ఆ వాన నెలల్లోనే. మా దగ్గర సరైన జవాబు లేకపోయింది. కాపలా పనిలో ఒకటి ఆమెకే ఇవ్వాలని ఒకరన్నారు, ఆమె ఇంకా ఊ అనలేదు. మళ్లీ సంత రోజు సాయంత్రం కూర్చుందాం అన్నారు పెద్దలు.

మీ ఊళ్లలో ఇలాంటి తీర్మానం చేసినవాళ్లుంటే, దుకాణాలవాళ్ల సంగతి ఎలా తేల్చారో, రుసుము ఎవరి చేతికి వెళుతోందో కింద రాయండి. పంచాయతీ కార్యదర్శి పుస్తకంలో ఎక్కించనంటే ఏం చేశారో కూడా చెప్పండి, మాకు ఆ గొడవ ముందుంది. లొకేషన్ మాత్రం పెట్టకండి.