మోటారు బండ్లకు మద్యసారము

విదేశీ చమురుపై మన ఆధారము తగ్గవలయుననుట యెల్లరకు నభిమతమే. మనము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండియే వచ్చుచున్నది. చెరకునుండియు ధాన్యమునుండియు దీసిన ఇథనాలును పెట్రోలులో గలుపుట యందులకే. 2030 నాటికి నూటికి 20 పాళ్లు కలుపుదుమన్న ప్రభుత్వము గడువును 2025కు దగ్గించి, ఆ యేడే గమ్యమును జేరినది. సారా దుకాణములయెదుట పికెటింగు చేసిన దేశము తన బండ్లకు మద్యసారము పట్టించుచున్నదని నవ్వువారు నవ్వుదురుగాక! పని మంచిదే, చేసిన తీరే మాకు నచ్చలేదు.

ఇంధనము మారినపుడు బండియు మారవలెను. లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండు పాళ్లే. కావున శుద్ధ ఇథనాలుతో నడుపదలచిన పాత కారులో కార్బురేటరు జెట్టు రంధ్రమును పెద్దది చేయవలెను. క్రొత్త కారైనచో ఇంజెక్టరు హెచ్చు ఇంధనమును చిమ్మునట్లు సవరింపవలెను. ఇథనాలు నీటిని పీల్చును; పాత రబ్బరు గొట్టములను ఉబ్బించును; కొన్ని లోహములను తినివేయును. చలివేళ ఇంజను త్వరగా అంటుకొనదు.

బ్రెజిలువారు ఈ కష్టములన్నియు పడినవారే. 1975లో ఇథనాలు పథకమును జేపట్టి, 1979లో ఆ యింధనముతోనే నడచు ఫియట్ 147 కారును దెచ్చిరి. చలికి లేచుటకై ఇంజను చెంత చిన్న పెట్రోలు తొట్టి నమర్చిరి. 1989లో ఇథనాలుకు కరవు వచ్చి, దానిని నమ్మి కారు కొన్నవారు బంకులయొద్ద బారులు తీరిరి. 2003 నుండి ఏ పాళ్లలో కలిసినను నడచు ఫ్లెక్సు కార్లు వచ్చినవి. ఏది పోయించుకొనవలెనో అచట యజమానియే ధర చూచి నిర్ణయించుకొనును.

మనకో, 2025లో పెక్కు బంకులలో దొరకినది 20 పాళ్ల మిశ్రమమొక్కటే. దీనికి శుద్ధ ఇథనాలుకు వలె పెద్ద మార్పులక్కరలేదనుట నిజము. అయినను పది పాళ్లకు సవరించిన కార్లలో మైలేజీ నూటికి 6-7 పాళ్లు తగ్గునని 2021లో నీతి ఆయోగు నివేదికయే అంచనా వేసినది. పాత బండ్లకై పది పాళ్ల ఇంధనమును గూడ నుంచుమన్నది. ఆ మాట యేమైనది? ధనికుడు క్రొత్త కారు కొనుక్కొనును. పాత కారును బాడుగకు ద్రిప్పి సంసారమీదువాడు, గొట్టములు చివికినపుడు మెకానికునకేమిచ్చును?

ప్రతి బంకులోను పది పాళ్ల పెట్రోలును వేరుగా నమ్మవలెను. శక్తి తగ్గినంత మేరకు మిశ్రమము ధరను దగ్గింపవలెను. పాత బండ్ల గొట్టములు, సీళ్లు మార్చు వ్యయమును, ఇంధనమును మార్చిన ప్రభుత్వమే భరింపవలెను.