ఖబర్ మాది, కలం ఎవరిది?

ప్రపంచంలో ఎక్కడ బాంబు పేలినా ఆ పొగ బెల్లంపల్లి దాకా వస్తుంది. న్యూయార్క్‌లో పేలినా, లండన్‌లో పేలినా, పారిస్‌లో పేలినా వస్తుంది. మర్నాడు పొద్దున మసీదు ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్న మా దగ్గరికి ఒక విలేకరి వస్తాడు. ఒకప్పుడు చిన్న నోటుబుక్కుతో వచ్చేవాడు. ఇప్పుడు సెల్‌ఫోన్ ముందుకు చాపి వస్తున్నాడు. ప్రశ్న మాత్రం మారలేదు. "భాయ్, దీన్ని మీరు ఖండిస్తున్నరా?"

ఖండిస్తున్నాం. ప్రతిసారీ ఖండించాం. అమాయకుల్ని చంపినవాణ్ణి ఖండించడానికి మాకు ఎవరూ అడగక్కర్లేదు. కానీ ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో దిగి, ఊపిరితిత్తుల నిండా బొగ్గు నింపుకుని రిటైరైన ముసలాయనకు పారిస్‌తో ఏం సంబంధం? 1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహామా సిటీలో బాంబు పేలి 168 మంది చనిపోయారు. మొదటి గంటల్లోనే అక్కడి టీవీలు మధ్యప్రాచ్యం వైపు వేలు చూపించాయి. తీరా పట్టుబడినవాడు టిమోతీ మెక్‌వే, అమెరికా సైన్యంలో పనిచేసిన తెల్లవాడు. ఆ రోజు ఏ విలేకరైనా బెల్లంపల్లి చర్చికి పోయి ఫాదరుని "ఖండిస్తున్నరా?" అని అడిగాడా? అడగలేదు. అడగకపోవడమే న్యాయం. ఆ న్యాయం మా గల్లీ దాకా ఎందుకు రాదు?

మా దగ్గరికి విలేకరి సంజాయిషీ కోసం వస్తాడు, సాక్ష్యం కోసం రాడు. తెలుగు పత్రికల అంతర్జాతీయ వార్తల మీద నా ఫిర్యాదంతా ఈ ఒక్క మాటే.

సాక్ష్యం అంటే ఏమిటో చెబుతాను.

1990 ఆగస్టు 2న సద్దాం హుసేన్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అప్పటికి నాకు పదేళ్ళు. మా మామూ కువైట్‌లో డ్రైవరు. రెండు నెలలు ఆయన జాడ తెలియలేదు. అమ్మ తండ్రి, మా నానాకు చూపు ఆనదు. నాచేత పత్రికలు చదివించుకునేవాడు. ఉర్దూ అఖ్బారు హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చేది. తెలుగు పత్రిక పక్కింటివాళ్ళు చదివాక మా ఇంటికి వచ్చేది. ఉర్దూ పత్రికలో సద్దాం షేర్, సింహం. తెలుగు పత్రికలో సద్దాం రాక్షసుడు. నానా రెండూ విని ఒకటే అడిగేవాడు: "నా కొడుకు సంగతి ఏం రాసిన్రు బేటా?" రెంటిలోనూ మా మామూ లేడు.

ఆ ఏడాది ఇరాక్, కువైట్‌ల నుంచి సుమారు 1,70,000 మంది భారతీయులు జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరారు. అందులో మామూ ఒకడు. ఒంటి మీది బట్టలతో, ఒక ప్లాస్టిక్ సంచితో బెల్లంపల్లి స్టేషన్లో దిగాడు. నెల రోజులు ఇంటి ముందర మంచం మీద కూర్చుని చెప్పాడు. బండి గుంజుకున్న ఇరాకీ జవాను సంగతి చెప్పాడు. దారిలో తన రొట్టె సగం విరిచి పెట్టిన ఇంకో ఇరాకీ జవాను సంగతీ చెప్పాడు. జోర్డాన్ ఎడారిలో గుడారాలు, నీళ్ళ కోసం కొట్లాటలు, రాత్రి చలి, అన్నీ చెప్పాడు. ప్రపంచ పత్రికలన్నీ వెతుక్కుంటున్న సాక్షి మా గల్లీలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు వీధుల అవతల ఉన్న విలేకరి రాలేదు.

వచ్చాడు, 1991 జనవరిలో, అమెరికా బాంబులు మొదలయ్యాక. "మీవోళ్ళంత సద్దాంకే సపోర్టట గదా?" అని అడిగాడు. మామూ నవ్వాడు. "నా బండి గుంజుకున్నోనికి నేనెందుకు సపోర్టు జేస్త సార్?" అన్నాడు. ఆ మాట అచ్చు కాలేదు. పట్టణంలో ముస్లింలు సద్దాంను కీర్తిస్తున్నారని వచ్చింది.

ఆ రోజుల్లోనే ప్రపంచమంతా నమ్మిన సాక్ష్యం ఇంకొకటి ఉంది. 1990 అక్టోబర్ 10న వాషింగ్టన్‌లో ఒక పదిహేనేళ్ళ కువైటీ పిల్ల అమెరికా చట్టసభ సభ్యుల ముందు కన్నీళ్ళు పెట్టుకుంది. ఇరాకీ జవాన్లు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్ల నుంచి పసిబిడ్డల్ని తీసి నేల మీద పడేశారని చెప్పింది. అధ్యక్షుడు బుష్ మళ్ళీ మళ్ళీ ఆ మాట ఎత్తాడు. ఆ పిల్ల అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఆ సాక్ష్యం వెనుక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార కంపెనీ ఉందని 1992లో బయటపడింది. అప్పటికి యుద్ధం అయిపోయింది. సద్దాం దురాక్రమణ చేసింది నిజం, కువైట్ జనాన్ని హింసించింది నిజం. నిజాలు అన్ని ఉండగా అబద్ధం ఎందుకు కావలసి వచ్చింది? వాషింగ్టన్‌లో చెప్పిన అబద్ధానికి భూమంతా దారి దొరికింది. కువైట్ నుంచి నడిచి వచ్చిన నిజానికి మా గల్లీ దాటే దారి దొరకలేదు.

ఇదంతా పరాయివాళ్ళ మీద వేస్తున్న నింద కాదు. ఇందులో నా చెయ్యి కూడా ఉంది.

బీఏ చదివి, 2003లో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో రాత్రి డ్యూటీలో చేరాను. మా పత్రికకు బాగ్దాద్‌లో విలేకరి లేడు. ఏజెన్సీ కాపీ వస్తుంది, తర్జుమా చేస్తాం, శీర్షిక పెడతాం. అంతర్జాతీయ పేజీ అంటే అంతే. ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. 1870లోనే రాయిటర్, హవాస్, ఉల్ఫ్ అనే మూడు యూరప్ సంస్థలు ప్రపంచ వార్తల్ని పంచుకున్నాయి. బ్రిటిష్ సామ్రాజ్యంతో పాటు మనం రాయిటర్ వాటాకు పోయాం. 1949లో మన పీటీఐ మొదలైనప్పుడు కూడా ప్రపంచ వార్తలకు రాయిటర్ మీదే ఆధారపడింది. దీన్ని మార్చాలని 1976లో అలీన దేశాలు ఢిల్లీలో కూడి వార్తా సంస్థల పూల్ పెట్టుకున్నాయి. 1980లో యునెస్కో తరఫున మెక్‌బ్రైడ్ కమిషన్ ఈ అసమానత గురించి పెద్ద నివేదిక ఇచ్చింది. పూల్ ఎండిపోయింది. నివేదిక అల్మారాలో ఉంది. కాపీ మాత్రం అటువైపు నుంచే వస్తోంది.

సరే, కాపీ పరాయిది. క్రియాపదం ఎవరిది? అది మాదే కదా! పెంటగాన్ మాట అయితే "వెల్లడించింది" అని రాసేవాణ్ణి. ఇరాక్ మాట అయితే "ఆరోపించింది" అని రాసేవాణ్ణి. అమెరికా జవాను "నేలకొరిగాడు". ఇరాకీ "హతమయ్యాడు". ఆ మాటలు ఇంగ్లీషు కాపీలో లేవు. నా చేతి నుంచి వచ్చాయి. సీనియర్లు రాస్తున్నట్టు రాశాను. నా పేరు చూసి ఎవరూ వేలెత్తకూడదని ఇంకాస్త గట్టిగానే రాశాను. సాయిబు డెస్కులో కూర్చుంటే పడే భయం అది. అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

2003 ఫిబ్రవరి 5న కొలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో ఇరాక్ ఆయుధాల గురించి చెప్పింది మేం కళ్ళతో చూసినట్టే అచ్చువేశాం. ఆ ఆయుధాలు దొరకలేదు. 2004 మే 26న న్యూయార్క్ టైమ్స్ తన ఇరాక్ వార్తల్లో కొన్నిటిని కావలసినంత జాగ్రత్తగా పరిశీలించలేదని ఒప్పుకుంది. వాళ్ళ తప్పు వాళ్ళు ఒప్పుకున్న వార్తను కూడా మా డెస్కు తర్జుమా చేసి లోపలి పేజీలో వేసింది. అవే తప్పుల్ని తెలుగులో అచ్చువేసిన మా సంగతి మాత్రం ఒక్క వాక్యం రాయలేదు. ఆ వార్త తర్జుమా చేసింది నేనే. పాఠకులకు ఇరవై ఏళ్ళు ఆలస్యంగా క్షమాపణ చెబుతున్నాను.

గాజా విషయంలోనూ అదే వ్యాకరణం. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. వాళ్ళకు పేర్లున్నాయి, తల్లులున్నారు, అది రాయాల్సిందే. ఆ తర్వాత గాజాలో చనిపోయినవాళ్ళు 2025 జూలై చివరికి అక్కడి ఆరోగ్యశాఖ లెక్కలో 60,000 దాటారు. ఆ లెక్క రాసేటప్పుడు "హమాస్ ఆధీనంలోని" అన్న మాట ముందు తగిలిస్తారు. మంచిదే, ఎవరు చెప్పారో పాఠకునికి తెలియాలి. మరి ఇజ్రాయెల్ సైన్యం మాటకు అటువంటి తోక ఏదీ? ఆ రెండేళ్ళూ విదేశీ విలేకరుల్ని ఇజ్రాయెల్ తన సైన్యం వెంట తప్ప గాజాలోకి రానివ్వలేదు. లోపలి నుంచి రాసింది అక్కడి పాలస్తీనా విలేకరులే. వాళ్ళు పదుల కొద్దీ చనిపోతూ పంపిన వార్తను "ధ్రువీకరించాల్సి ఉంది" అని పక్కన పెట్టారు. మంచం మీద కూర్చున్న మా మామూ నాకు మళ్ళీ గుర్తొచ్చాడు.

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో జుమ్మా నమాజు వేళ ఒకడు రెండు మసీదుల మీద కాల్పులు జరిపాడు. 51 మంది పోయారు. వాళ్ళలో మన కరీంనగర్ నుంచి పోయి అక్కడ స్థిరపడినవాడు ఒకాయన ఉన్నాడు. ఆ దేశ ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఆ రోజే దాన్ని ఉగ్రవాదం అన్నది. మన డెస్కుల్లో చాలా చోట్ల వాడు "దుండగుడు", "ఆగంతకుడు". తెల్లవాడు చంపితే వాడొక్కడే ఉన్మాది. మావాడు చంపితే మేమందరం అనుమానితులం. ఒకే పనికి రెండు పేర్లు పెట్టేవాడు విలేకరి ఎట్లా అవుతాడు?

ఇప్పుడు మావాళ్ళ సంగతి. ఇది రాస్తే నన్ను తిట్టేవాళ్ళు మా మసీదులోనే ఉన్నారు. అయినా రాయాలి.

ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ పోయినవాళ్ళలో ముస్లింలున్నారు, అంతకంటే ఎక్కువగా బీసీలు, దళితులున్నారు. పాస్‌పోర్టు కఫీలు చేతిలో, జీతం కఫీలు దయలో, తిరిగి రావడం కఫీలు ఇష్టంలో. అట్లా బతికి శవపేటికలో శంషాబాద్‌లో దిగుతున్నారు. మా దక్కనీ నాలుకకు ఖబర్ అంటే వార్త, సమాధి అన్నా ఖబరే. గల్ఫ్ కార్మికునికి ఆ రెండూ ఒకే రోజు దక్కుతాయి. తెలుగు పత్రిక ఆ వార్తను జిల్లా పేజీలో, ఏడుస్తున్న తల్లి ఫొటోతో వేస్తుంది. ఏ కంపెనీ, ఏ చట్టం, గుండెపోటు అని రాసిన కాగితం వెనక ఏముంది అని అడగదు. మరి ఉర్దూ పత్రిక? ఫలస్తీన్ కోసం మొదటి పేజీ నింపే ఉర్దూ పత్రికలు రియాద్ షేకు కింద నలిగిన మనవాడికి ఎంత చోటిచ్చాయి? ముస్లిం రాజు చేస్తే అది జుల్మ్ కాదా?

ప్రపంచకప్ కోసం సిద్ధమవుతున్న ఖతార్‌లో 2010 తర్వాత చనిపోయిన భారతీయులు 2,711 మంది అని 2021 ఫిబ్రవరిలో లెక్క తీసింది లండన్ పత్రిక గార్డియన్. అన్ని కారణాల మరణాలు కలిపిన లెక్క అది, దానిమీద వాదాలున్నాయి. వాదించడానికైనా ఒక లెక్క ఉండాలి కదా! మన ఊళ్ళ శవాల్ని లెక్కపెట్టడానికి లండన్ విలేకరి కావలసి వచ్చాడు. తెలుగు పత్రికలకూ సిగ్గుచేటు, ఉర్దూ పత్రికలకూ సిగ్గుచేటు.

ఉర్దూ పత్రికలకు ఇంకో వారసత్వం ఉంది. 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు చంపారు. ముస్లిం, ఉర్దూలో రాసేవాడు, ముస్లిం రాజు రాజ్యంలో ఉండి ఆ రాజ్యం ఇండియాలో కలవాలని రాశాడు. నా కౌమ్ ఏమనుకుంటుందో అని ఆగలేదు. మనం అడగాల్సింది ఆ కలాన్నే. మా వైపు తిరిగిన కలం కాదు, ఎవరివైపైనా తిరగగల కలం.

అందుకే మా గల్లీ పిల్లలకు పత్రిక చదవడం ఇట్లా నేర్పిస్తున్నాను. వార్త ఏ ఊరి పేరుతో మొదలైంది, సంఘటన ఏ ఊళ్ళో జరిగింది? రాసినవాడు చూశాడా, విన్నాడా? చెప్పినవాళ్ళలో ఎవరు "వెల్లడించారు", ఎవరు "ఆరోపించారు"? చచ్చినవాళ్ళలో ఎవరికి పేరుంది, ఎవరికి అంకె మాత్రమే ఉంది? అదే పని మనవాడు చేస్తే ఈ పత్రిక ఇదే మాట వాడేదా? తెలుగు పత్రిక, ఉర్దూ పత్రిక పక్కపక్కన పెట్టి చదవమంటాను. రెంటికీ ఇవే ప్రశ్నలు.

విలేకరి మిత్రులకూ ఒక మాట. మీ మీద నాకు కోపం లేదు. చాలీచాలని డబ్బుతో పనిచేసే కంట్రిబ్యూటర్ బతుకు నాకు తెలుసు. ఈసారి ఎక్కడైనా బాంబు పేలితే మా హోటల్‌కు రండి, చాయ్ తాగండి. ఖండిస్తున్నారా అని మాత్రం అడగొద్దు, ఇకమీదట నేను జవాబు చెప్పను. దుబాయిలో ఇరవై ఏళ్ళు ఇటుకలు మోసినవాడు మా హోటల్లో ఉన్నాడు. జెద్దా జైల్లో ఉండి వచ్చినవాడు ఉన్నాడు. కువైట్ నుంచి నడిచి వచ్చిన మామూ ముసలివాడయ్యాడు, ఇంకా బతికే ఉన్నాడు. ఆయన ముప్పై ఐదేళ్ళ నుంచి ఎదురుచూస్తున్న ప్రశ్న ఒకటుంది, అది అడగండి.

"నువ్వు ఏం చూసినవ్ చిచ్చా?"