సమానమైన చూపు

జహీరాబాదు బజారులోని కిరాణా దుకాణాలలో ఈనాడు గల్లాపెట్టె పక్కన అరచేతిలో ఇమిడే చిన్న డబ్బా ఒకటి కనబడుతుంది. కొనుగోలుదారు సెల్‌ఫోనుతో సొమ్ము పంపగానే, ఇంత మొత్తం ముట్టినదని ఆ డబ్బా బిగ్గరగా తెలుగులో పలుకుతుంది. లెక్క ప్రకారం చూస్తే ఆ పలుకు అనవసరం. సొమ్ము చేరిన సంగతి ఫోను తెర మీద అక్షరాలలో ఉండనే ఉన్నది. అయినా ఆ మాట వినబడే వరకు ఇద్దరికీ నిమ్మళం లేదు. ఇచ్చినవానికి చేరినదో లేదో అన్న బెంగ. పుచ్చుకొనేవానికి నిజంగా పంపినాడో లేదో అన్న అనుమానం. ఒక్క మాట ఆ రెండు శంకలనూ తీరుస్తున్నది. 2016లో ఆరంభమైన యూపీఐ చెల్లింపులు చిన్న దుకాణాలలో సైతం పాదుకొన్నవంటే, యంత్రపు వేగంతో పాటు ఈ నిమ్మళానికి కూడ అందులో భాగమున్నది.

యంత్రం పని చేస్తే చాలు, దానిని వాడే మనిషి మనస్సుతో నిమిత్తమేమి అని చాలాకాలం పలువురు భావించినారు. ఆ భావం సరికాదని తేల్చిన పరిశోధనలలో ఒకటి జపానులో జరిగినది. 1995లో హిటాచీ సంస్థకు చెందిన కురోసు, కషిమురా అనే ఇద్దరు, డబ్బు తీసుకొనే ఏటీఎం యంత్రపు మీటల అమరికలను 26 రకాలుగా చిత్రించి 252 మందికి చూపించినారు. చూడటానికి ఇంపుగా ఉన్న అమరికనే వాడటానికి కూడ సులువైనదని వారు తలచినట్లు విశదమైనది. 1997లో ట్రాక్టిన్‌స్కీ అనే పరిశోధకుడు ఇజ్రాయెలులో ఇదే పరీక్ష జరుపగా, ఆ సంబంధం అక్కడ మరింత బలంగా కనబడినది. అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ 2004లో వెలువరించిన గ్రంథంలో ఒక వస్తువు మనస్సును మూడు అంతస్తులలో తాకుతుందని వివరించినాడు. చూడగానే కలిగే స్పందన మొదటిది. వాడుతున్నప్పుడు కలిగే అనుభవం రెండవది. వాడిన పిమ్మట తలచుకొన్నప్పుడు మిగిలే భావం మూడవది.

కాని మనస్సును ఊరడించగల విద్యకు మనస్సును లొంగదీసుకొనటం కూడ తెలుసు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలే ఇందుకు సాక్ష్యం. డార్క్ ప్యాటర్న్స్ అని వ్యవహరించే వంచనతో కూడిన తెర ఏర్పాట్లను 13 రకాలుగా పేర్కొని, వాటిని ఆ మార్గదర్శకాలు నిషేధించినవి. లేని తొందరను కల్పించి కొనిపించటం వాటిలో ఒకటి. కాదన్నవానిని సిగ్గుపరచటం మరొకటి. విమాన టిక్కెట్టుతో పాటు బీమా వద్దనుకొన్నవాని చేత "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అని ఒప్పుకోలు పలికించటం ఈ కోవలోనిదే. ఇక్కడ అమ్ముడుపోయేది బీమా అయినా, అమ్మించేది భయం.

అయితే ఊరడించే తెరకూ వంచించే తెరకూ గల భేదాన్ని సామాన్యుడు గుర్తించేది ఎట్లా? ఇందుకు ఉపకరించే కొలబద్ద జహీరాబాదు పరిసర గ్రామాలలోనే లభిస్తున్నది.

జహీరాబాదు సమీపాన పస్తాపూరు కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని చేస్తున్నది. జొన్న, సజ్జ, కొర్ర వంటి మెట్ట పంటలను, వాటి విత్తనాలను కాపాడుకొన్న దళిత స్త్రీల సంఘాలకు అది అండ. ఈ స్త్రీలలో కొందరు 1990 దశకం చివరి నాటికి వీడియో కెమెరా పట్టటం నేర్చినారు. వారిలో అధిక సంఖ్యాకులు బడి ముఖం ఎరుగనివారు. కెమెరాను ఏ ఎత్తున నిలపాలన్నది చిత్రకళలో తొలి పాఠం. పుస్తకాలలో దానికి ఇంగ్లీషు పేర్లున్నవి. ఈ స్త్రీలు తమ బ్రతుకులో నుంచి వేరే పేర్లు తీసినారు. పైనుంచి కిందికి చూసేది పటేలు షాటు. గ్రామంలో పెద్ద రైతు తమను చూసే తీరు అది. కిందినుంచి పైకి చూసేది బానిస షాటు. కంటికి కన్ను సమంగా చూసేది సంఘం షాటు. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు గనుక. తమ చిత్రాలకు వారు ఈ మూడవదాన్నే ఎన్నుకొన్నారు.

ఇదే చూపుతో వారు రేడియోను కూడ నిర్మించుకొన్నారు. మాచునూరు గ్రామంలో 1998లో యునెస్కో సహాయంతో కేంద్రం సిద్ధమైనది. కాని ప్రసారానికి అనుమతి లేదు. పదేండ్ల పాటు వారు కార్యక్రమాలను టేపుల మీద రికార్డు చేసి సంఘాల సమావేశాలలో వినిపించినారు. స్వచ్ఛంద సంస్థలకు అవకాశమిస్తూ 2006లో ప్రభుత్వ విధానం మారిన పిమ్మట, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలైనది. కూలిపని, ఇంటిపని ముగిసిన వేళను చూసి రాత్రి 7 నుంచి 9 గంటల వరకు దానికి సమయం నిర్ణయించినారు. భాష తమ ఇండ్లలో మాట్లాడుకొనేదే. వినేవారి అలసటను, వినేవారి యాసను ముందుగా లెక్కలోకి తీసుకొనటం కంటె గొప్ప రూపకల్పన ఏమున్నది?

ఈ మూడు చూపులతో నేటి తెరలను పరీక్షించవచ్చును. ఒక వృద్ధ రైతు మనుమని ఫోనులో దరఖాస్తు నింపబోతాడు. ఎక్కడో ఒక అంకె తప్పుతుంది. ఎర్రని అక్షరాలలో "చెల్లదు" అని తెర గద్దిస్తుంది. ఏది చెల్లదో, ఎట్లా దిద్దుకోవాలో చెప్పదు. తప్పు తనదేననుకొని అతడు చేయి వెనుకకు తీసుకొంటాడు. మరొకసారి ఆ ఫోనును ముట్టడు. ఇది పటేలు చూపు. మరొక తెర వినయంగా చేతులు కట్టుకొని నిలబడుతుంది. "మమ్మల్ని విడిచి వెళ్లుతారా" అని దీనంగా అడుగుతుంది. పోదామంటే దారి మాత్రం కనబడనీయదు. ఇది బానిస వేషం వేసుకొన్న పటేలు. మూడవది జరిగినదేమో చెబుతుంది, చేయవలసినదేమో చెబుతుంది, ఔననటం ఎంత సులువో కాదనటం కూడ అంత సులువుగా ఉంచుతుంది.

ఇదంతా చదువు లేకపోవటం వల్ల వచ్చిన చిక్కు, అక్షరాస్యత పెరిగితే అదే సర్దుకొంటుందని కొందరనవచ్చును. అక్షరాస్యత అవసరాన్ని ఎవరూ కాదనరు. కాని అక్షరాలు రాని స్త్రీలు కెమెరాను, ధ్వని యంత్రాలను వశపరచుకొన్న ప్రాంతమిది. నేర్పినవారు వారిని తక్కువ చేయకపోవటమే అక్కడి రహస్యం. మరొక వంక, చదువుకొన్న ఉపాధ్యాయులే కొన్ని తెరల మీది తర్జుమా తెలుగును చదువలేక ఇంగ్లీషుకు మార్చుకొంటున్నారు. తన భాషలోనే తాను పరాయివాడైనప్పుడు మనిషికి కలిగేది అవమానం. ఆ అవమానాన్ని అంకెలలో కొలవటం కష్టం గనుకనే తెరలు తయారుచేసేవారు దానిని లెక్కకు తీసుకొనరు.

నేడు బడిలో ఉన్న విద్యార్థులలో కొందరు రేపు ఈ తెరలను తయారుచేయబోయేవారు. అప్పటిదాకా ఇంట్లో అవ్వకు, తాతకు తెర మీది మాటను చదివి వినిపించేది కూడ వారే. అందుచేత ఈ పాఠం తరగతిలోనే ప్రారంభం కావచ్చును. ఇంటి ఫోనులో కనబడిన ఒక వాక్యాన్ని ప్రతి విద్యార్థీ నల్లబల్ల మీద వ్రాసి, అది ఏ ఎత్తునుంచి మాట్లాడుతున్నదో నిర్ణయించి, పిమ్మట దానిని తన అవ్వతో మాట్లాడినట్లుగా తిరిగి వ్రాయాలి. ఆ రెండు వాక్యాల నడుమ కనబడే దూరమే ఈనాటి తెరలు ఇంకా దిగిరావలసిన ఎత్తు.