బిడ్డను అప్పగించే వేళ

రక్తసంబంధం లేని బిడ్డను పగలంతా తన ఇంట ఉంచుకొని, పాలు పట్టి, నిద్రపుచ్చి, సాయంకాలం తల్లిదండ్రుల చేతికి క్షేమంగా అప్పగించడం నేడు మన పట్టణాలలో ఒక జీవనోపాధి. ఆ పనికి ఇంకా స్థిరమైన పేరు కుదరలేదు. కొందరు బేబీ కేర్ అంటారు, కొందరు క్రెష్ అంటారు. వీధిలోని వారు మాత్రం ‘ఆవిడ పిల్లల్ని చూసుకుంటుంది’ అని ఊరుకుంటారు. పేరు కుదరని పనికి వెల కుదరడమూ కష్టమే. బిడ్డను చూసుకొనే స్త్రీకీ, అప్పగించే తల్లిదండ్రులకూ నడుమ మొదటిరోజే స్పష్టమైన ఒడంబడిక ఉండాలని నా అభిప్రాయం. ఈ మాట అనగానే ‘పసిబిడ్డ విషయంలో కూడా బేరమా!’ అని నొచ్చుకొనే వారున్నారు. బేరం వేరు, ఒడంబడిక వేరు. బేరంలో ఎవరి లాభం వారు చూసుకొంటారు. ఒడంబడికలో ఎవరి బాధ్యత ఎంతవరకో ఇద్దరూ తెలుసుకొంటారు.

ఉమ్మడి కుటుంబంలో ఈ ప్రశ్నే తలెత్తలేదు. నాయనమ్మో, మేనత్తో, పెద్దమ్మో ఎవరో ఒకరు ఇంట ఉండేవారు. ఉద్యోగాల కోసం హైదరాబాదుకో, విశాఖపట్నానికో, విజయవాడకో తరలివచ్చిన చిన్న కుటుంబానికి ఆ అండ లేదు. చట్టాలు ఈ అవసరాన్ని గుర్తించకపోలేదు. స్త్రీ కార్మికులు ఎక్కువగా ఉన్న కర్మాగారాలలో శిశువుల కోసం గది ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టం విధించింది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ, మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచి, 50 మంది లేక అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలన్నది. మరి నలుగురు పనిచేసే బట్టల దుకాణంలోని అమ్మాయి సంగతేమిటి? వీధి చివరి ప్రైవేటు పాఠశాలలో పాఠం చెప్పే పంతులమ్మ సంగతేమిటి? 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఊరూరా అంగన్‌వాడీలను తెచ్చింది. అది గొప్ప మేలే. కాని అంగన్‌వాడీ వేళలు ఉద్యోగిని వేళలతో కలవవు. ఆ ఖాళీని పూరిస్తున్నది ఇరుగుపొరుగు స్త్రీలే.

ఇరుగుపొరుగు కావడంలోనే చిక్కు ఉన్నది. పరిచయం ఉన్నచోట నిబంధన చెప్పడానికి నోరు రాదు. “పిన్నిగారూ, ఇవాళ ఒక్కరోజు కాస్త ఆలస్యమవుతుంది, ఏమీ అనుకోకండి” అని ఫోను వస్తుంది. “దానికేమమ్మా, ఫరవాలేదు” అని పిన్నిగారు అంటుంది. ఆ ఒక్కరోజు వారంలో మూడు రోజులవుతుంది. ఆరింటికి తీసుకుపోవలసిన బిడ్డ ఎనిమిదింటి వరకూ అక్కడే ఉంటుంది. ఆమె ఇంట వంట వెనుకబడుతుంది, భర్త విసుక్కొంటాడు. ఆ ఇంట కాలేజీలో చదివే ఆడపిల్ల ఉంటే, ఆ బిడ్డను ఎత్తుకొని ఆడించే భారం ఆమె మీద పడుతుంది. ఆమె పరీక్షల సంగతి ఏ లెక్కలోనూ ఉండదు. ఈ పాఠం చదివేవారిలో కొందరికి ఈ అనుభవం కొత్త కాకపోవచ్చు. ఇక నోరు తెరిచి చెప్పలేని కోపం ఎక్కడికి పోతుంది? ఏడ్చే బిడ్డను ఎత్తుకోవడానికి చేతులు వెనుకాడుతాయి. ఒడంబడిక లేనందువల్ల చివరకు నష్టపోయేది, ఆ మాటల్లో పాలే లేని పసివాడు.

జీతం సంగతి చూద్దాం. నెలకు 26 దినాలు, దినానికి 9 గంటలు అనుకొంటే 234 గంటలవుతాయి. నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారనుకొందాం. గంటకు 17 రూపాయలు. హోటలులో ఒక కప్పు కాఫీకి అది చాలదు. అందులోనే ఆమె నీరు, గ్యాసు, విద్యుత్తు కూడా కలిసి ఉన్నాయి. తన ఇంట తాను ఈ పని చేసుకొనే స్త్రీ ఎవరి ఉద్యోగినీ కాదు గనుక, ఇంత తక్కువ ఇవ్వరాదని చెప్పే కనీస వేతన నిబంధన ఆమె గడప దాకా రాదు. ఇంత కావాలని ఆమే అడగాలి. అడగడం నేర్చుకోవాలి కూడా.

జీతం దేనికి ఇస్తున్నారో తెలియకపోవడం వల్లనే తగవులు ఎక్కువ. దసరా సెలవులకూ, సంక్రాంతికీ తల్లిదండ్రులు బిడ్డతో సొంత ఊరికి వెళ్ళి, తిరిగి వచ్చి ‘పది రోజులు రాలేదు గదా’ అని డబ్బు తగ్గించి ఇస్తారు. ఆ పది రోజులూ ఆమె మరొక బిడ్డను చేర్చుకోలేదు. వీరి బిడ్డ చోటును వీరి బిడ్డకే ఉంచింది. ఇచ్చే డబ్బు ఆ చోటుకూ, ఆ సమయానికీ. అద్దె ఇంటికి తాళం వేసి ఊరికి వెళ్ళినవారు ఆ దినాల అద్దె తగ్గించమని అడుగుతారా? సంవత్సరంలో ఇన్ని దినాలకు పూర్తి జీతం, అంతకుమించి పోతే సగం అని ముందే అనుకొంటే సరిపోతుంది. ఆమెకు జబ్బు చేసినా, ఆమె ఇంట శుభకార్యం జరిగినా ఏం చేయాలన్నది కూడా ఆనాడే తేల్చుకోవాలి. ఆమెకూ సెలవు దినాలు ఉండాలి, అవి జీతంతో కూడినవై ఉండాలి. ఉద్యోగినికి న్యాయమైనది ఉద్యోగిని బిడ్డను పెంచే స్త్రీకి అన్యాయమెట్లా అవుతుంది?

ఆలస్యానికి అదనపు రుసుము అడగడం నాకు అంత నచ్చదు. వర్షంలో బస్సు చిక్కుకొన్న తల్లి నుండి డబ్బు పుచ్చుకోవడం మనసుకు పట్టదు. కాని నెలకు రెండుసార్లు దాటిన ఆలస్యం వర్షం వల్ల వచ్చేది కాదు. అప్పుడు రుసుము తప్పు కాదు.

డబ్బు కంటె జాగ్రత్తగా మాట్లాడుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. బిడ్డకు ఒళ్ళు వెచ్చబడితే ఎవరికి ఫోను చేయాలి, తల్లి అందుబాటులో లేకపోతే తరువాత ఎవరికి, ఏ వైద్యుని వద్దకు తీసుకుపోవాలి అన్నది కాగితం మీద ఉండాలి. మందు ఏదైనా తల్లి వ్రాసి ఇచ్చిన మోతాదులోనే వేయాలి. వేరుశనగ పడని బిడ్డ అయితే ఆ మాట చేర్చిన నాడే చెప్పాలి. కోడిగుడ్డు తినని ఇల్లయితే అదీ చెప్పాలి. సాయంకాలం బిడ్డను తీసుకుపోయే అధికారం ఎవరెవరికి ఉందో పేర్లతో సహా తెలియాలి. ‘నేను వాళ్ళ బాబాయిని’ అని గుమ్మంలో నిలబడిన ప్రతివారికీ బిడ్డను ఇవ్వకూడదు, ఆ మనిషి నిజంగా బాబాయే అయినా సరే.

నిబంధనలు ఒక పక్షాన్నే బంధించవు. ఎంతమంది బిడ్డలను చేర్చుకొంటానో ఆమె దాచకుండా చెప్పాలి. నిప్పు అంటుకొంటే ఒక స్త్రీ ఒక్కసారిగా ఎత్తుకొని బయటికి పరుగెత్తగలది ఇద్దరు చంటిబిడ్డలతోనే. ఈ ఒక్క లెక్క చాలు, ఒంటరిగా ఆరుగురు చంటివారిని చేర్చుకోవడం ఎంత ప్రమాదమో తెలియడానికి. నీళ్ళ డ్రమ్ముకు మూత, మేడమెట్లకు అడ్డుతలుపు, కొట్టకుండా తిట్టకుండా ఉంటానన్న మాట ఆమె ఇవ్వవలసినవి. బిడ్డను టీవీ ముందు కూర్చోబెట్టి వదిలివేయడం చూసుకోవడం కాదు. పని మానదలచుకొంటే నెల ముందుగా చెప్పాలి. బిడ్డను మానిపించే తల్లిదండ్రులకూ అదే నియమం.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం నోటిమాటతో కుదిరిన ఒప్పందానికి కూడా విలువ ఉన్నది. కాని నోటిమాటను ఆరు నెలల తరువాత ఇద్దరూ రెండు విధాలుగా జ్ఞాపకం చేసుకొంటారు. ఒక నోటుపుస్తకంలో ఒక పుట వ్రాసి ఇద్దరూ సంతకం చేయడానికి పావుగంట చాలు.

బంధువుల మధ్య ఇవన్నీ అక్కరలేదని అనుకోవద్దు. అమెరికాలో ఉన్న కూతురి బిడ్డను చూడడానికి సందర్శక వీసాపై ఆరు నెలలకని వెళ్ళే అమ్మమ్మలు మన ఊళ్ళలో ఎందరో. అక్కడ జీతం ప్రసక్తి లేదు. అయినా వారానికి ఒక దినం ఆమెకు విశ్రాంతి ఉంటుందా, గుడికో స్నేహితురాలి ఇంటికో తీసుకుపోయేవారు ఉంటారా అని విమానమెక్కక ముందే అడగవచ్చును.

అన్నిటికంటె కష్టమైనది, ఇద్దరూ పేదవారైన చోట. నెలకు తొమ్మిది వేలు సంపాదించే కుట్టుపని స్త్రీ, బిడ్డకోసం నాలుగు వేలు ఇవ్వలేదు. ఆమె తక్కువ ఇవ్వవచ్చు, రెండవ స్త్రీ అందుకు సమ్మతించవచ్చు. అట్టి చోట ‘రెండు వేలు’ అనే వ్రాయాలి, నాలుగు వేలని వ్రాసి నెలనెలా రెండు వేలు బాకీ పెట్టుకోరాదు. బాకీ పడిన తల్లి గుమ్మంలో తలవంచుకొని బిడ్డను తీసుకొనిపోతుంది. ఆ రోజు బిడ్డ అన్నం తిన్నదా లేదా అని కూడా అడగలేదు.